ఏడో మర కింద తొంభై ఏడు

4,102వ రోజు. పొద్దున 97.

నర్సమ్మ ఇందుమతి ఈ పుస్తకం ఇచ్చింది. రోజూ లేవగానే గుండె ఎంత కొట్టుకుందో రాసి, కింద ఆ రోజు చేసిన పని రాయమంది. మాటలు వినే పెట్టెకి చెబితే అదే రాసుకుంటుందట. నాకు అక్కర్లేదు. అరవయ్యో ఏట మా ఆవిడ పైడమ్మ దగ్గర కూచుని అక్షరాలు దిద్దుకున్నాను. ఆవిడ చేత తిట్లు తిని నేర్చుకున్నది పెట్టెకి అప్పజెప్పను. తప్పులుంటే చదివేవాళ్ళు సర్దుకుంటారు.

రోజుల లెక్క కొత్త గుండె పెట్టిన నాటి నుంచి. పదకొండేళ్ళు దాటింది. ఎవరిదో నేను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. నాది పాడైంది, ఇది పెట్టారు, పని చేస్తోంది.

నా పేరు అసిరయ్య. అరవై ఆరేళ్ళు. సముద్రానికి అడ్డు కట్టిన గోడ మీది గాలిమరలు ఎక్కి రెక్కలకి పట్టిన ఉప్పు గీకుతాను. చిరిగిన చోట రేకు వేసి రివిట్లు కొడతాను. మరలు పన్నెండు. అవి తిరిగితే పంపులు తిరుగుతాయి. పంపులు ఆగితే గోడకి ఇవతలున్న మా వీధులన్నీ సముద్రానివే.

మర ఎక్కేవాడి నడుముకి బెల్టు ఉంటుంది. అది గుండెని వింటూ ఉంటుంది. గుండె ఒక్క ఊపున ఇరవై పెరిగిందంటే వీడు జడుసుకున్నాడు, ఇక కాలు తడబడుతుంది అని దాని లెక్క. వెంటనే తాడుని కరిచేస్తుంది. ఎక్కడున్నవాడు అక్కడ వేలాడాల్సిందే. కింద తాడు పట్టినవాడు చక్రం తిప్పి దించుకోవాలి. ఆ రోజుకి పని సరి. నెలలో రెండుసార్లు కరిస్తే మర ఎక్కే బిళ్ళ లాగేసుకుంటారు. మళ్ళీ మర ఎక్కడానికి లేదు.

ఈ పదకొండేళ్ళలో నా బెల్టు ఒక్కసారి కూడా కరవలేదు.

ఏడో మర కింద తాడు చుట్టే స్తంభం మీద ఎర్ర రంగుతో 97 అని రాసి ఉంటుంది. అది నా అంకె. ఎక్కేవాళ్ళంతా దాన్ని ముట్టుకుని కళ్ళకద్దుకుంటారు. అంతకు ముందు మర చుట్టూ మూడు చుట్లు తిరుగుతారు, నేను తిరుగుతాను గనక. నేను మొక్కుకుంటున్నానని వాళ్ళ నమ్మకం. ఆపరేషను చేసిన డాక్టరు చెప్పింది వేరు. "గొట్టాలు కుట్టాం గానీ నరాలు కలపలేదు పెద్దాయనా. మీరు బరువు ఎత్తినా, భయపడినా ఈ గుండెకి వెంటనే తెలీదు. రక్తంలో కలిసి నెమ్మదిగా కబురు చేరాలి. కాస్త నడిచి దాన్ని లేపి, అప్పుడు ఎక్కండి." అందుకు తిరుగుతాను. ఎవరికీ చెప్పలేదు. అడగనిది చెప్పడం నాకు అలవాటు లేదు. ధైర్యం అనుకుంటే అనుకోనీ అని ఊరుకున్నాను.

4,109వ రోజు. పొద్దున 94.

రెండో మర. ఉప్పు బొటనవేలు మందం పేరుకుంది.

తాడు పట్టేవాడు నా బావమరిది గురువులు. మా పనిలో తాడు ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వరు. పెళ్ళాం అన్నో తమ్ముడో పట్టాలి. చెయ్యి వదిలితే తన తోబుట్టువు బొట్టు పోతుంది, అందుకని వదలడు. పైడమ్మ పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు వాడికా కట్టుబాటు లేదు. అయినా తాడు మానలేదు. మాటే తగ్గించేశాడు. పనికి కావలసిన మాట ఒకటీ, ఎత్తిపొడుపు మాట ఒకటీ. మూడో రకం లేదు.

ఎక్కేవాడి అంకె కింద వాడి ముందున్న పలక మీద కనిపిస్తుంది. మేం చెవిలో బొత్తం పెట్టుకుని మాట్లాడుకుంటాం.

"బావా, కింద నిలబడినప్పుడు తొంభై నాలుగు చూపించింది. ముసిలోడివైపోతన్నావేటి?"

"పలక తుడుచుకో. నీ అంబలి మూతి దానికి అంటుకునుంటాది."

"తుడిచే చూశాను."

"అయితే కళ్ళు తుడుచుకో."

వాడు నవ్వలేదు. వాడు నవ్వి ఆరేళ్ళయింది.

4,115వ రోజు. పొద్దున 89.

పదింటికి ఎండ బూర మోగుతుంది. అక్కణ్ణించి సాయంత్రం నాలుగు దాకా ఎవరూ బయట ఉండకూడదు. రోజూ వినే బూరే. ఇవాళ అది మోగగానే రొమ్ములో ఏదో ఎగిరింది, బుట్టలో వేసిన కొరమీను ఎగిరినట్టు. చేతిలో ఉన్న ఎండుచేపల పళ్ళెం కింద పడింది. మణికట్టుకి కట్టిన నాడి బిళ్ళ చూసుకుంటే 118. నాలుగు ఊపిరులు తీసేలోగా మళ్ళీ 90కి దిగింది. ఇదివరకు పెరిగితే తగ్గడానికి గంట పట్టేది.

నేను జడిసింది బూరకి కాదు. ఎగిరినదానికి.

4,116వ రోజు. పొద్దున 89.

ఆసుపత్రికి పోయాను. ఇందుమతి పుస్తకం తిరగేసి, రొమ్ము మీద బిళ్ళలు అతికించి, వెనక నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టింది. పలక మీద గీత లేచింది. ఆవిడ మొహం మారింది.

"తాతా, ఈ మధ్య నరాల సూది ఏదైనా వేయించుకున్నావా?"

చెప్పక తప్పలేదు. ఎడం చేతి వేళ్ళు మొద్దుబారి సుత్తి జారుతుంటే, నాలుగు నెలల కిందట మా వీధిలో పెట్టిన శిబిరంలో వేయించుకున్నాను. ఒంట్లో వేరేవాళ్ళ అవయవం ఉందా అని అడిగారు. లేదన్నాను. ఉందంటే పెద్దాసుపత్రికి తోలేస్తారు, వాళ్ళు వయసు చూసి మర దింపేస్తారు. వేళ్ళయితే బాగయ్యాయి.

"వేళ్ళతో ఆగదు కదా. గుండె దగ్గర తెగిన నరాల చివళ్ళు అలాగే ఉన్నాయి. సూదికి అవి మొలిచి లోపలికి పాకాయి. ఉత్తప్పుడు కూడా కొందరికి కొంచెం కొంచెం మొలుస్తాయి, ఏళ్ళు పడుతుంది. నీకు నాలుగు నెలల్లో వచ్చేశాయి. ఇక నీ గుండె అందరి గుండెలాగే. తీరిగ్గా ఉంటే నెమ్మదిస్తుంది, భయమేస్తే ఎగురుతుంది. నొప్పొస్తే నొప్పి తెలుస్తుంది."

"ఇన్నాళ్ళూ తెలీదా?"

"నొప్పొచ్చినా నీకు తెలిసేది కాదు. ఇక తెలుస్తుంది. మంచిదే."

"నొప్పి తెలవడం మంచిదంటావేటమ్మా?"

"మంచిది కాబట్టే అంటున్నా. మర మాత్రం ఎక్కకు. మేస్త్రీకి నువ్వే చెప్పు. పది రోజులు చూస్తాను. లేదంటే నేనే చెబుతాను."

సరే అని వచ్చేశాను. మేస్త్రీ ఇంటి ముందు నుంచే వచ్చాను. ఆగలేదు.

4,119వ రోజు. పొద్దున 86.

సిగ్గు పడాల్సిన రోజు. రాస్తాను.

మూడో మర. సగం ఎత్తులో గద్ద ఒకటి గూడు లోంచి లేచి మొహం మీదికొచ్చింది. రెక్క చెంపకి తగిలింది. కొరమీను ఎగిరింది. నడుం దగ్గర కటుక్కుమంది. బెల్టు కరిచింది.

పదకొండేళ్ళలో మొదటిసారి బస్తాలాగ వేలాడాను. గురువులు చక్రం తిప్పి దించాడు. జనం మూగారు. మేస్త్రీ తవిటినాయుడు పరిగెత్తుకొచ్చాడు.

నేను నోరు తెరిచేలోగా గురువులే అందుకున్నాడు. "బెల్టు పాడయిందండీ మేస్త్రీగారూ. ఈయన గుండె ఎగరడమేటి? ఈయనకి అలాటివి లేవు. నాకు తెలీదా?"

అందరూ అవునన్నారు. బెల్టులు బాగుచేసే బంగారమ్మని పిలిచి మేస్త్రీ నలుగురిలో కడిగేశాడు. "నా బెల్టులో లోపం లేదు బాబూ, నిన్ననే చూశాను" అని ఆవిడ మొత్తుకుంది. ఎవరూ వినలేదు. నేను అక్కడే నిలబడి మీసం తుడుచుకుంటున్నాను. ఆవిడ నా వైపు చూసింది. నేను సముద్రం వైపు చూశాను.

నాకు కొత్త బెల్టు ఇచ్చారు.

4,121వ రోజు. పొద్దున 84.

ఏడో మర రెక్క చిరిగింది. మూడు రెక్కల్లో పాతది, కొసకి దగ్గరగా జానెడు మేర అంచు రేకు లేచిపోయింది. అలాగే తిప్పితే రెక్క చీలుతుంది. తిప్పకపోతే పెద్ద పంపు ఆగుతుంది. ఎల్లుండి కాక ఆవలెల్లుండి అమావాస్య పోటు. ఆ పోటుకి పెద్ద పంపు లేకపోతే తెల్లారేసరికి కింది వీధుల్లో నడుం లోతు నీళ్ళు.

ఏడో మర గోడ మూల మీద ఉంటుంది. రెండు వైపుల గాలీ దానికే. నిలబడినా ఊగుతుంది. నిన్నా ఇవాళా ముగ్గురు ఎక్కారు. ముగ్గురికీ మర పైనున్న తలుపు దాటి బయటికి రాగానే బెల్టు కరిచింది.

మేస్త్రీ మా ఇంటికొచ్చాడు. "అసిరయ్యా, ఇక నువ్వే."

అప్పుడు చెప్పాలి. నరాల సంగతి, బంగారమ్మ సంగతి అన్నీ చెప్పాలి. నోటి దాకా వచ్చింది. కానీ వేరేవాడు లేడు. అది నిజం. నేను తప్ప లేడు అన్న మాట వినడానికి బాగుంది. అదీ నిజమే. "ఎల్లుండి పొద్దున ఎక్కుతాను" అన్నాను.

సాయంత్రం తాడు చూడ్డానికి పోతే గురువులు స్తంభం దగ్గర కూచుని తాడుకి మైనం రుద్దుతున్నాడు.

"మేస్త్రీకి మాటిచ్చాను" అన్నాను.

"విన్నాను. నీకేటి, ఎక్కేస్తావు. నీకు తగిలేదేటుంది గనక?"

"స్తంభం మీద ఊరికే రాశారా?" అన్నాను, 97 మీద చెయ్యేసి. పొగరుకే అన్నాను.

వాడు మైనం ముద్ద కింద పెట్టాడు. "అది ఎవరు రాశారో తెలుసా బావా?"

"ఎవరో కుర్రాళ్ళు."

"నేను రాశాను. అక్క పోయిన రోజున. వీధిలో పడిపోయింది, ఎండ కొట్టింది, ప్రాణం పోయిందని నా నోటితో నేను ఈ బొత్తంలో నీకు చెప్పాను. చెబుతూ పలక చూశాను. తొంభై ఏడు. మళ్ళీ చెప్పాను, వినబడలేదేమోనని. తొంభై ఏడు. నువ్వు ‘సరే’ అన్నావు. మిగిలిన రివిట్లు కూడా కొట్టి తీరిగ్గా దిగావు. మనిషివా నువ్వు? మరిచిపోకూడదని రాసుకున్నాను. ఈ ఎదవలేమో దానికి దండాలెడతన్నారు."

వాడు మళ్ళీ మైనం రుద్దుకున్నాడు.

4,122వ రోజు. పొద్దున 85.

ఎక్కడికీ పోలేదు. ఆరేళ్ళ పాటు నేను కూడా ఆ అంకెని చూసి మీసం తిప్పాను. ముట్టుకుని ఎక్కాను కూడా.

వాడికి తెలియంది ఒకటుంది. ఆ రోజు దిగి, ఇంటికొచ్చి, పైడమ్మ పక్కన కూచున్న అరగంటకి నా మణికట్టు మీద నూట పన్నెండు. అది సాయంత్రం దాకా దిగలేదు. అప్పటికి పలక దగ్గర ఎవరూ లేరు. చెప్పాలంటే నరాలు తెగిన సంగతి చెప్పాలి. అది చెబితే ధైర్యం ఏదీ లేదని తేలిపోతుంది. పెళ్ళాం శవం పక్కన కూచుని కూడా నేను ఆ లెక్కే వేసుకున్నాను. నా మీద నాకే రోతగా ఉంది. రాయడం ఆపేస్తున్నాను.

4,123వ రోజు. పొద్దున 91.

ఇవాళ్టిది ఇవాళే రాయాలి.

వెలుతురు రాగానే ఎక్కాను. మూడు చుట్లు తిరగలేదు, అవసరం లేదు. గురువులు చూశాడు. పైన తలుపు దాటి, కిందికి దించి ఆపిన రెక్క వెంబడి తాడు మీద దిగుతున్నాను. గాలి నన్ను రెక్కకేసి కొడుతోంది. మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటూ, ఊపిరి నెమ్మదిగా వదులుతూ దిగాను. బెల్టు నోరు మూసుకునే ఉంది. సగం దాటాను. చిరుగు ఇంకో రెండు బారల కింద ఉంది.

అక్కడ నా పాత అతుకు కనబడింది. ఆ రోజు వేసిందే. ఇదే రెక్క. ఆ తరవాత అక్కడ ఉప్పు పేరుకుపోయి కనపడేది కాదు. మొన్నటి వానకి కరిగి బయటపడింది.

ఆరు రివిట్లు. నాలుగు తాడు పట్టి కొట్టినట్టు వరసలో ఉన్నాయి. అయిదోది పక్కకి పోయింది. ఆరోది తల నలిగిపోయి, చుట్టూ రేకు మీద సుత్తి దెబ్బలు. ఎనిమిదో తొమ్మిదో. గురి తప్పిన దెబ్బలు. నలభై ఏళ్ళుగా రివిట్లు కొడుతున్నాను. అలా ఎప్పుడూ కొట్టలేదు. అయిదోదానికి ముందే గురువులు కబురు చెప్పాడు.

చూస్తూ ఉండగానే రొమ్ము లోపల నుంచి ఎవరో గుద్దినట్టయింది. నడుం దగ్గర కటుక్కుమంది.

"బావా! కరిచింది!" గురువులు అరిచాడు. "ఏటైంది? జారేవా?"

"లేదు."

"నూట ముప్పై నాలుగు! బెల్టు తప్పు కాదిది, ఇది కొత్తది. ఏటి చూశావు?"

చిరుగు అందట్లేదు. రెండు బారలు. చెయ్యి చాపితే అందదు. కింద వీధుల్లో జనం ఇళ్ళ ముందు నిలబడి మర వైపు చూస్తున్నారు, చీమల్లా ఉన్నారు. బెల్టు కరిస్తే దించేయాలి. దించితే ఇక ఎక్కేవాడు లేడు.

"గురువులూ, నీ దగ్గర తాళం ఉందిగా."

తాడు పట్టేవాడి దగ్గర ఒక తాళం ఉంటుంది. దానితో బెల్టు పట్టు విప్పొచ్చు. అప్పుడు పైవాడి బరువంతా కిందివాడి చేతుల మీదే. పట్టు జారితే అంతే. ఎందుకు కరిచిందో అడిగి తెలుసుకోకుండా తియ్యకూడదని రూలు.

"ఎందుకు కరిచిందో చెప్పు. జడుసుకున్నవాడికి నేను తియ్యను."

"జడవలేదు."

"మరి?"

గాలి రెక్క మీద ఊళ వేస్తోంది. జీవితంలో అంత కష్టపడి మాట ఎప్పుడూ బయటికి తియ్యలేదు.

"ఆరోది వంకరగా ఉందిరా."

"ఏటి ఆరోది?"

"మీ అక్క పోయిందని నువ్వు చెప్పినప్పుడు కొట్టిన రివిట్టు. అయిదోదీ ఆరోదీ. రేకంతా సుత్తి దెబ్బలే. నా చేతికి తెలిసింది. గుండెకి తెలీలేదు. దానికి నరాలు లేవురా, ఆపరేషనులో కోసేశారు. జడవడం గానీ ఏడవడం గానీ దానికి చేతనయ్యేది కాదు. నాది ధైర్యం కాదు, ఏమీ కాదు. ఇప్పుడు మొలిచాయి. మొన్న బెల్టు కూడా పాడవలేదు, బంగారమ్మ తప్పు లేదు. అతుకు సగంలో వదిలేస్తే రేకు లేచి కింద నీ నెత్తిన పడుతుందని మిగతావి కొట్టాను. అంతే. ఆ రోజు నువ్వు చెప్పిన కబురు నాకు ఇప్పుడు అందింది."

కింద వాడు పలక మీద గోరుతో తట్టిన చప్పుడు చెవిలో వినబడింది.

"ఇంకా దిగలేదు," అన్నాడు వాడు. "నూట ముప్పై ఒకటి."

"దిగదు."

"నీకు దుఃఖంగా ఉందా?"

"నీకేటనిపిస్తోంది?"

వాడు ముక్కు చీదిన చప్పుడు బొత్తంలో వినబడింది. తరవాత తాళం తిరిగిన చప్పుడు. నడుం దగ్గర పట్టు వదిలింది. నేను బెత్తెడు జారి ఆగాను. ఆగింది బెల్టు వల్ల కాదు.

"పట్టుకున్నాను. చెయ్యి నీ పనేదో. బేగి కానియ్, బరువు చస్తన్నావు. ఇన్ని చేపలు ఎవరు తినమన్నారు నిన్ను?"

రెండు బారలు దిగాను. రేకు వేశాను. ఆరు రివిట్లు కొట్టాను. కళ్ళలో నీళ్ళు ఉన్నాయి గనక తడుముకుంటూ కొట్టాను. ఆరూ తిన్నగానే పడ్డాయి. కిందికి వచ్చేసరికి గురువులు అరచేతులు రెండూ చర్మం ఊడి ఉన్నాయి. చక్రం ఆగిన చోట తాడు చేతికి చుట్టుకుని పట్టాడట.

మర ఎక్కే బిళ్ళ నేనే తీసి మేస్త్రీ చేతిలో పెట్టాను. ఈ పుస్తకం కూడా ఇచ్చి చదువుకోమన్నాను, చదివి సాయంత్రం తిరిగిచ్చాడు. తరవాత బంగారమ్మ కొట్టుకి పోయి, మొన్న నలుగురిలో ఏం జరిగిందో ఆ నలుగురిలోనే చెప్పాను. ఆవిడ క్షమించలేదు. "చెప్పావుగా, ఇక పో" అంది.

4,125వ రోజు. పొద్దున 79.

నిన్నటి పోటుకి నీళ్ళు గోడ తలని తాకాయి. పెద్ద పంపు ఆగలేదు. ఒక వీధిలో చీలమండ లోతు వచ్చి పోయాయి, అంతే.

పొద్దున ఏడో మర దగ్గరకి పోయాను, ఊరికే. స్తంభం మీద 97 లేదు. గురువులు కట్లున్న చేతులతోనే ఉప్పు గీకే బద్దతో గీకేశాడు, కర్ర కనపడేదాకా. ఎక్కబోయేవాళ్ళు ఇద్దరు నిలబడి, ఇప్పుడేది ముట్టుకోవాలని నన్నడిగారు. మూడు చుట్లు ఎందుకు తిరిగేవాణ్ణో వాళ్ళకి చెప్పాను. పూర్తిగా విన్నారు. విని, తిరగడం మొదలెట్టారు.

4,131వ రోజు.

ఇవాళ పైడమ్మ పోయిన రోజు. ఏడో ఏడు మొదలు. ఆరేళ్ళలో ఈ రోజున గురువులు మా ఇంటి గుమ్మం తొక్కలేదు. ఇవాళ బూర మోగే ముందు వచ్చాడు. రెండు చేతులకీ కట్లు. అంబలి గిన్నె మోచేతుల మధ్య పెట్టుకుని వచ్చాడు.

"తాగు. మా ఆవిడ పంపింది."

తాగాను. బూర మోగింది. నా గుండె ఎగిరింది, దిగింది. ఇక నాలుగింటి దాకా వాడు బయటికి పోవడానికి లేదు. తెలిసే ఆ వేళకి వచ్చాడు.

"మణికట్టు మీది ఆ బిళ్ళ తియ్యి," అన్నాడు.

తీశాను. నా చెయ్యి లాక్కుని, కట్టులోంచి బయటికున్న రెండు వేళ్ళు నాడి మీద పెట్టాడు.

"ఇప్పుడు చెప్పు. ఆ రోజు ఇంటికొచ్చి, అక్క పక్కన కూచుని, ఏటనుకున్నావో చెప్పు. మొదట్నించీ. అబద్ధం ఆడితే నాకు తెలుస్తాది."

చెప్పాను. ఆవిడ చేతి మీద సుద్ద అంటుకుని ఉండటం దగ్గర్నించి చెప్పాను, పొద్దున నాకు ‘క్ష’ దిద్దించిన సుద్ద. మధ్యాహ్నం దాకా చెప్పాను. వాడు వేళ్ళు తియ్యలేదు. పెదాలు కదుపుతూ లెక్కపెడుతూనే ఉన్నాడు.

ఎంతొచ్చిందో వాడు చెప్పలేదు. నేను అడగలేదు. నర్సమ్మా, అందుకే ఇవాళ అంకె రాయలేదు.